పాడినవాడు నిజముగా ఏడ్చెనా? (బ్లూస్, ర్యాప్ పాటలనుగూర్చి)

పాటను ప్రేమించువారి మధ్య ఒక తగవు చాల కాలమునుండి నడుచుచున్నది. అమెరికా దేశపు నల్లజాతి ప్రజలు లోకమునకిచ్చిన పాటల రీతులలో రెండు మిక్కిలి పేరుపొందినవి. ఒకటి బ్లూస్. అది పందొమ్మిదవ శతాబ్దము ముగియు కాలమున దక్షిణ రాష్ట్రముల ప్రత్తి చేల నడుమ పుట్టినది. రెండవది ర్యాప్. అది 1970లలో న్యూయార్కు నగరపు బీదపేటలలో పుట్టినది. "బ్లూస్ పాడినవారు నిజముగా కష్టపడినవారు, గనుక వారి పాట నిజము. ర్యాప్ చెప్పువారు మెడనిండ బంగారు గొలుసులు వేసికొని లేని కష్టములు చెప్పుకొందురు, గనుక వారిది వేషము" అని అనేకులందురు. ఈ తీర్పు సరియైనదికాదని చూపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

దూరదేశపు పాటల తగవుతో మనకేమి పని అని మీరడుగవచ్చును. ర్యాప్ ఇప్పుడు తెలుగు సినిమా పాటలలోనికి వచ్చియున్నది. మీ పిల్లలు సెల్‌ఫోనులో దానిని వినుచునే యున్నారు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఒకరి కష్టమును విని అది నిజమా, కల్పితమా అని తూచుట మనము దినదినము చేయు పని. సాక్ష్యపు కూటములో ఒకడు లేచి తన త్రాగుడును, జూదమును, భార్యను కొట్టిన రాత్రులను చెప్పినయెడల అందరు చెవియొగ్గి విందురు. చిన్ననాటినుండి నెమ్మదిగా బ్రదికిన ఒక తల్లి లేచి రెండు మాటలు చెప్పినయెడల దగ్గులును గుసగుసలును వినబడును. అందుచేత ఏమగును? మరుసటి సంవత్సరము ఆ మనుష్యుని త్రాగుడు మరి రెండు ముంతలు పెరుగును! వినువారి ఆశ చెప్పువాని నోటిని మార్చుచున్నది. పాటల లోకములో జరిగినదియు ఇదియే.

మొదట బ్లూస్ సంగతి చూతము. 1865లో అమెరికాలో బానిసత్వము చట్టముచేత రద్దాయెను గాని, బానిసలుగానున్నవారి చేతికి భూమి రాలేదు. మిసిసిపీ రాష్ట్రములోని నదీ ప్రాంతమున వారు తెల్లదొరల భూములను పాలునకు చేసిరి. భూమియు, విత్తనమును, దున్నుటకు పశువును దొరవి. తిండి బట్ట దొర అంగడిలో అప్పు. పంట చేతికి వచ్చిన తరువాత లెక్క వ్రాయునదియు దొరయే. ఏటి చివర లెక్క తేలినప్పుడు తరచుగా అప్పే మిగులును. అట్టి లెక్క ఎట్లుండునో మన పల్లెలలోని పెద్దలకు ఒకరు చెప్పనక్కరలేదు. 1901లో తెరచిన పార్చ్‌మన్ చెరసాలలో ఖైదీలచేత ప్రత్తి సాగు చేయించిరి. ఈ చేలలోను, ఈ చెరలోను, నది కరకట్టల పనిలోను పాడుకొనిన కూనిరాగములనుండి బ్లూస్ ఎదిగినది. కాబట్టి దాని వెనుక కష్టమున్నదనుమాట సత్యమే.

అయితే ఆ పాట కట్టుబడిని గమనించుడి. బ్లూస్ చరణము సాధారణముగా మూడు పాదములు. మొదటి పాదమునే రెండవమారు పాడుదురు. మూడవ పాదము దానికి జవాబు చెప్పును. పాదము పాదమునకు చివర గొంతు ఆగును, గిటారు పలుకును. ఆ ఖాళీలో వినువాడు తన దుఃఖమును పెట్టుకొనును. మరియు ఆ పాదములలో అనేకము ఏ ఒక్కని సొత్తును కావు. ఒక ఊరిలో వినిన పాదము వేరొక ఊరిలో, వేరొకని పాటలో మరల కనబడును. అతడు "నేను" అని పాడినను ఆ "నేను" అందరిది. మనము కీర్తనల గ్రంథమును చదువు విధము దీనికి దగ్గరగా నున్నది. సౌలు తరుమగా గుహలలో దాగినవారము మనము కాము. అయినను దావీదు మొఱను మన నోట పలుకునప్పుడు మనము అబద్ధమాడుచున్నామని ఎవరును అనరు.

ఇందుకు ఒక దృష్టాంతము చెప్పెదను. బెస్సీ స్మిత్ అను గాయని టెనెస్సీ రాష్ట్రములో బీదతనమున పెరిగినది. అయితే 1920లలో ఆమె నల్లజాతి గాయకులలో అందరికంటె ఎక్కువ ప్రతిఫలము పొందుచు, తన బృందముతో సొంత రైలుపెట్టెలో ప్రయాణము చేసెడిది. 1927 ఫిబ్రవరిలో ఆమె "బ్యాక్‌వాటర్ బ్లూస్" అను పాటను రికార్డు చేసెను. వరదలో ఇల్లు పోగొట్టుకొనిన ఒక దిక్కులేని స్త్రీ చెప్పుకొనునట్లు ఆ పాట సాగును. రెండు నెలలు గడచినవి. ఏప్రిల్ 21వ తేదీన మిసిసిపీ రాష్ట్రములోని గ్రీన్‌విల్ పట్టణమునకు ఎగువను, మౌండ్స్ లాండింగ్ అనుచోట నది కరకట్ట తెగెను. ఆ సంవత్సరపు వరదలలో లక్షల మంది ఇండ్లు విడిచిరి. గ్రీన్‌విల్‌లో నల్లవారిని పడవలెక్కి పోనియ్యక, తుపాకుల కాపలాలో కరకట్టమీదనే నిలిపి పని చేయించిరి. ఆ దినములలో వారు బెస్సీ స్మిత్ పాటను తమ పాటగా చేసికొనిరి. పాట ముందు వచ్చినది, ఆ వరద వెనుక వచ్చినది!

చదువరీ, ఆ పాట నిజమైనదా, కాదా? పాడిన స్త్రీ ఆ కట్టమీద నిలువలేదు. అయినను కట్టమీద నిలిచినవారు "ఇది మాది" అనిరి. వారి మాటకు మించిన ముద్ర మరేమి కావలెను? రెండేండ్ల తరువాత, 1929లో, ఆ ప్రాంతమువాడే యైన చార్లీ ప్యాటన్ అదే వరదనుగూర్చి ఊరి పేర్లు చెప్పుచు పాడెను. అతని పాటయు నిజమే. ఒకరు దూరమునుండి పాడిరి, ఒకరు దగ్గరనుండి పాడిరి. ఒకరి పాట రెండవవారి పాటను అబద్ధము చేయదు.

ఇక రెండవ సంగతి. మనము బ్లూస్ అని తలచుకొనునప్పుడు కన్నుల ముందుకు వచ్చు చిత్రము, అనగా చినిగిన బట్టలు, ఒంటరి మనిషి, పాత గిటారు, చాలవరకు ఇతరులు గీసిన చిత్రమే. లెడ్‌బెల్లీ అను పేరుగల గాయకుడు లూసియానాలోని అంగోలా చెరసాలలో నుండగా, జానపద గీతములు సేకరించు జాన్ లోమాక్స్ 1933లో అక్కడికి పోయి ఆయన పాటలు రికార్డు చేసెను. 1934లో లెడ్‌బెల్లీ విడుదలయ్యెను. ఆయన శుభ్రమైన కోటు, టై ధరించుటకు ఇష్టపడువాడు. అయినను 1935లో ఒక వార్తాచిత్రము కొరకు ఆయనకు మరల ఖైదీ బట్టలు తొడిగి, విడిచివచ్చిన చెరను మరల నటింపజేసిరి. బిగ్ బిల్ బ్రూంజీ షికాగో నగరములో వాద్యబృందముతో ఎన్నో రికార్డులిచ్చిన పట్టణ గాయకుడు. 1951 మొదలుకొని యూరపులో పాడినప్పుడు ఆయన ఒంటి గిటారుతో పల్లెటూరి పాటకానిగా నిలువవలసి వచ్చెను. 1958లో మడ్డీ వాటర్స్ ఇంగ్లండునకు విద్యుత్ గిటారు తీసికొనిపోగా, ఈ చప్పుడేమి అని కొందరు నొచ్చుకొనిరి. ఆయన మిసిసిపీలోని స్టోవాల్ అను దొరగారి భూములలో పనిచేసి, 1943లో షికాగో చేరిన కూలివాడు. విద్యుత్ గిటారు ఆయనకు వేషము కాదు. గోలగా నుండు పట్టణపు సారా అంగళ్లలో పాట వినబడుటకు తెచ్చుకొనిన పనిముట్టు.

వీరిని విననేర్చినవారు కొందరు వీరి పాటను ప్రేమించిరి గాని, వీరి మంచి బట్టలను ప్రేమింపలేదు. ఇందులో ఒక క్రూరత్వము దాగియున్నది. పాట నిజమగుటకు పాటగాడు బీదవాడుగానే యుండవలెనని మనము కోరినయెడల, అతడు ఆ బీదతనమునుండి లేచుట మనకు ఇష్టము లేదన్నమాట.

ఇప్పుడు ర్యాప్ నొద్దకు వత్తము. ర్యాప్ అనగా తాళమునకు సరిపోవునట్లు ప్రాసలు కలిపి వేగముగా మాటలు చెప్పుట. ప్రత్తి చేలు విడిచి ఉత్తరపు నగరములకు వలసపోయిన కుటుంబముల బిడ్డలును, జమైకా మొదలైన ద్వీపములనుండి వచ్చినవారును, పోర్టోరికో వారును న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతములో కలిసి నివసించిరి. 1948లో మొదలుపెట్టిన ఒక పెద్ద రహదారి వారి పేటలను చీల్చుకొని పోయెను. వేల కుటుంబములు కదలవలసి వచ్చెను. 1970లలో ఆ ప్రాంతపు మేడలు వరుసగా కాలిపోయెను. వాటిలో కొన్నింటిని బీమా సొమ్ము కొరకు యజమానులే కాల్పించిరి.

1973 ఆగస్టు 11వ తేదీన సెడ్జ్‌విక్ అవెన్యూ అను వీధిలో 1520వ నంబరు భవనములో సిండీ క్యాంప్‌బెల్ అను బాలిక బడి బట్టలకు డబ్బు కూడబెట్టుకొనుటకై ఒక విందు జరిపెను. జమైకాలో పుట్టిన ఆమె అన్న, కూల్ హెర్క్ అను పేరు పెట్టుకొనినవాడు, రికార్డులు వాయించెను. రికార్డులో గొంతు ఆగి, డప్పు మాత్రమే మ్రోగు చిన్న తునకను రెండు యంత్రములమీద మార్చి మార్చి సాగదీయుట అతని విద్య. ఆ తాళముమీద చెప్పిన మాటలే ర్యాప్ ఆయెను. వాద్యములు కొనలేని పిల్లలు పాత రికార్డునే వాద్యముగా చేసికొనిరి. ఇది బీదవారి తెలివియే గాని వేషము కాదు. మరియు ఆ మొదటి దినములలో వారు చెప్పినది కష్టము కాదు, ఆట పాటల సంతోషము. కష్టపడువారు ఎల్లప్పుడు కష్టమునే పాడవలెనని చట్టమేమియు లేదుగదా?

బీదపేటల దుస్థితిని లోకమునకు వినిపించిన ర్యాప్ పాట 1982లో వచ్చిన "ది మెసేజ్". దానిమీద గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్, ఫ్యూరియస్ ఫైవ్ అను బృందము పేరున్నది. అయితే ఆ బృందమువారు మొదట దానిని పాడనొల్లలేదు. ఇంత దిగులు పాట ఎవరు విందురని వారనుకొనిరి. ఆ పాటను వ్రాయుటలో ముఖ్యుడు ఎడ్ ఫ్లెచర్ అను వాద్యకారుడు. ఇతడు బ్రాంక్స్ వాడు కాడు. న్యూజెర్సీ రాష్ట్రమువాడు, కళాశాలలో చదివినవాడు, తరువాత కళాశాలలో పాఠములు చెప్పినవాడు. బృందములో మెల్లీ మెల్ ఒక్కడే అతనితో కలిసి ఆ పాటను చెప్పెను. పేరు వేసిన ఫ్లాష్‌నకు దానిలో పని దాదాపు లేదు. అయినను విరిగిన గాజు పెంకులును, ఎలుకలును, మూత్రపు కంపు కొట్టు మెట్లును ఉన్న ఆ మేడలలో బ్రదుకువారు ఆ పాటను వినినప్పుడు దానిలో తమ గడపను గుర్తుపట్టిరి. బెస్సీ స్మిత్ వరద పాటను మెచ్చి, దీనిని వేషమనుట న్యాయమా? ఒకే తూకపు రాయితో రెండింటిని తూచవలెను.

మరి ర్యాప్‌ను మాత్రమే "ఇది నీకు జరిగినదా?" అని ఏల అడుగుచున్నారు? దీనికి ఆ రీతిలోనే ఒక కారణమున్నది. బ్లూస్ పాదములు అందరి సొత్తని చెప్పితిని. ర్యాప్‌లో ఒకని పాదములను మరియొకడు ఎత్తుకొనుట దొంగతనముగా ఎంచబడును. 1979లో ర్యాప్‌ను దేశమంతటికి వినిపించిన "రాపర్స్ డిలైట్" అను పాటలో ఒకడు మరియొకని పాదములను, ఆ యజమాని పేరుతో సహా, చెప్పివేసెను. ఆ నింద నేటికిని చెరగలేదు. ర్యాప్ చెప్పువాడు తన పేరు, తన వీధి, తన శత్రువుల సంగతి చెప్పును. అతని "నేను" ఊరుమ్మడి బావి కాదు, సొంత పెరటిలోని బావి. గనుక అతడు తన మాటకు తానే పూచీ. బ్లూస్‌కు లేని బరువు అతని నోటిమీద ఉన్నది.

ఈ పూచీని మోయలేక అబద్ధమునకు దిగినవారు లేకపోలేదు. రిక్ రాస్ అనువాడు తన పాటలలో మాదకద్రవ్యముల వ్యాపారిగా గొప్పలు చెప్పుకొనెను. అతడు 1990లలో ఫ్లోరిడా రాష్ట్రములో చెరసాల ఉద్యోగిగా పనిచేసినాడని 2008లో బయటపడెను. దొంగనని చెప్పుకొనినవాడు దొంగలను కాపలా కాసినవాడని తేలినది! అప్పుడేమి జరిగినది? మరుసటి సంవత్సరమే అతని కొత్త ఆల్బము దేశమందు అమ్మకములలో మొదటి స్థానమునకు వచ్చెను. దీనిని బాగుగా ఆలోచించుడి. కొన్నవారికి కావలసినది సత్యమే యైనయెడల వారు కొనకపోయియుందురు. వారికి కావలసినది సత్యమువలె కనబడు ఒక భయంకరమైన కథ. లెడ్‌బెల్లీకి ఖైదీ బట్టలు తొడిగిన కన్నులే ఇక్కడను పనిచేసినవి. టూపాక్ షకూర్ బీదతనమున పెరిగినవాడు. బాల్టిమోరు నగరములోని కళల పాఠశాలలో నాటకమును, కవిత్వమును నేర్చినవాడు. రెండును ఆయనే. 1996లో తుపాకి కాల్పులకు గురియై ఇరువదియైదవ యేట ఆయన చనిపోయెను. లోకము ఎక్కువగా జ్ఞాపకముంచుకొనినది తుపాకినే గాని ఆ పాఠశాలను కాదు.

పాటను పాటగా వినకపోవుటవలన మరియొక కీడు కలుగుచున్నది. అమెరికాలోని న్యాయస్థానములలో ర్యాప్ పాదములను నేరస్థుని ఒప్పుకోలువలె న్యాయమూర్తుల యెదుట చదివి వినిపించిన సందర్భములు అనేకమున్నవి. పాత జానపద గాయకుడు హంతకుని నోట పాడినప్పుడు అది కథయని అందరును ఎరుగుదురు. ర్యాప్ చెప్పు యువకుడు అదే పని చేసినప్పుడు అది అతని జీవితమే అందురు. ఇట్లు పాటలను సాక్ష్యముగా వాడుటకు హద్దులు పెట్టుచు కాలిఫోర్నియా రాష్ట్రము 2022లో ఒక చట్టము చేసెను. "నిజమైన పాట అనగా జరిగినదే" అను మన తేలిక మాట ఒకని మెడకు ఉచ్చు కాగలదని దీనివలన తెలియుచున్నది.

ర్యాప్‌లో తప్పులు లేవని నేననుట లేదు. బూతు మాటలును, స్త్రీలను నీచముగా పలుకుటయు, డబ్బును దేవుని చేయుటయు దానిలో విస్తారము. అయితే పాత బ్లూస్ రికార్డులలో కూడ బూతు పాటలు కొల్లలు. కాలము గడచుటచేత ఆ కంపు మన ముక్కునకు తగులుట లేదు, అంతే. గోధుమలును గురుగులును రెండు పొలములలోను ఉన్నవి.

ర్యాప్ పొలములోని గోధుమ ఎట్టిదో ఒక్కటి చూపెదను. కెండ్రిక్ లామార్ అనువాడు కాలిఫోర్నియాలోని కాంప్టన్ పట్టణములో పెరిగెను. 2018లో పులిట్జర్ బహుమానము పొందెను. 2012లో వచ్చిన అతని ఆల్బములో ఒక దీర్ఘమైన పాట కలదు. అందులో అతడు మొదట, కాల్పులలో అన్నను పోగొట్టుకొనిన ఒక స్నేహితుని నోట మాటలాడును. తరువాత, వీధిలో చెడిపోయి నశించిన ఒక యువతి చెల్లెలి నోట మాటలాడును. ఆ చెల్లెలు అతనినే నిలదీయును. మా అక్క బ్రదుకును నీవు పాటగా చేయుటకు నీకేమి అధికారమున్నదని అడుగును. పాటగాడు తనమీద నేరము మోపువానికి తన పాటలోనే చోటిచ్చెను! పాట చివర ఒక వృద్ధురాలు వీధిలోని ఆ పిల్లలను ఆపి, వారిచేత ప్రార్థన చేయించును. ఇతరుని కష్టమును నోటికెత్తుకొనువానికి ఉండవలసిన భయము ఇదియే.

కాబట్టి, ప్రియ చదువరులారా, కష్టము పాటకు వెల కాదు, ముద్ర కాదు. పాట నిజమా కాదా అని తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు చాలును. మొదటిది, ఆ కష్టములోనున్నవారు ఈ పాటను విని ఇది మాది అందురా? రెండవది, పాడువాడు బాధపడువానిని మనుష్యునిగా చూపుచున్నాడా, లేక సరుకుగా అమ్ముచున్నాడా? మూడవది వినువారి కొరకైనది. ఈ పాట వినిన తరువాత మనము బాధపడువానికి దగ్గరగుచున్నామా, లేక దూరమున కూర్చుండి అతని గాయమును తమాషా చూచుచున్నామా?

థామస్ డార్సీ అనువాడు 1928లో బూతు పలుకుల బ్లూస్ రికార్డుతో పేరుపొందిన పియానో వాద్యకారుడు. 1932లో అతని భార్య ప్రసవములో మరణించెను, పుట్టిన బిడ్డయు చనిపోయెను. ఆ దుఃఖములో అతడు తన చెయ్యి పట్టుకొమ్మని ప్రభువును వేడుకొను కీర్తన వ్రాసెను. అది లోకమంతట పాడబడుచున్నది. ఆ కీర్తన రాగము పూర్తిగా అతనిది కాదు, పాత కీర్తన రాగమొకటి దానికి ఆధారము. అతని సంగీతములో బ్లూస్ వాసన ఉన్నదని అనేక సంఘములవారు మొదట దానిని గుడిలోనికి రానియ్యలేదు. ఆ కీర్తన పాడువారందరు భార్యను పోగొట్టుకొనినవారు కారు. అయినను సమాధి యొద్ద నిలిచినవారు దానిని పాడునప్పుడు, ఇది ఎవరి దుఃఖము, ఎవరి రాగమని అడుగరు.

ఈసారి మీ యింట కుమారుడు సెల్‌ఫోనులో ర్యాప్ పెట్టినప్పుడు వెంటనే కసరకుడి. అతని ప్రక్కన కూర్చుండి, "వీడు ఎవరి పక్షమున మాటలాడుచున్నాడురా?" అని అడుగుడి. వాడు జవాబు చెప్పగలిగినయెడల ఆ పాటను కలిసి వినుడి. చెప్పలేనియెడల, అమ్మకమునకు పెట్టినది ఎవరి కన్నీరో మెల్లగా విడమరచి చెప్పుడి.